గుట్టల మీద పందెం

తెలుగులో పందెం అన్న మాటతో ఒక చిక్కుంది. పరిగెత్తేదీ పందెమే, దాని మీద డబ్బు కాసేదీ పందెమే. సైకిల్ పందెం అంటే తొక్కేవాడి సంగతా, గట్టు మీద కూర్చుని జేబు తడుముకునేవాడి సంగతా అన్నది సందర్భాన్ని బట్టి పోల్చుకోవాలి. సైకిల్ రేసుల చరిత్ర చదువుతుంటే, మనవాళ్ళు రెంటికీ ఒకే మాట పెట్టడంలో తప్పేమీ లేదనిపిస్తుంది నాకు. ఈ ఆటలో తొక్కేవాళ్ళు కూడా రోజంతా పందేలు కాస్తూనే ఉంటారు. డబ్బుతో కాదు, కాళ్ళతో. ఇప్పుడు వీడి వెనకాల పోతే సాయంత్రం దాకా సత్తువ మిగులుతుందా, పోకపోతే వాడు మళ్ళీ దొరుకుతాడా అని.

ఇందులో గుట్టల స్టేజీ అని ఒకటుంది. దాన్ని ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం నూరేళ్ళు పైబడి నడుస్తున్న వ్యాపకం. పత్రికలవాళ్ళు చెప్పారు, బుకీలు చెప్పారు, డాక్టర్లు చెప్పారు, ఈమధ్య మనవాళ్ళు (అదే, కంప్యూటర్లవాళ్ళు) కూడా చెబుతున్నారు. ఎత్తు ఎక్కడానికి ఎంత శక్తి కావాలో హైస్కూల్ ఫిజిక్సులో ఉన్న లెక్కే. అయినా ఈ స్టేజీ మాత్రం లెక్కకి లొంగదు. ఎందుకు లొంగదో చూద్దాం.

టూర్ డి ఫ్రాన్స్ చూడనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. మూడు వారాలు, 21 స్టేజీలు. రోజుకో స్టేజీ, రోజుకో విజేత. అన్ని రోజుల సమయమూ కూడితే ఎవరిది తక్కువో వాళ్ళది పసుపు జెర్సీ. ఒక్కో టీములో ఎనిమిది మంది (2017 దాకా తొమ్మిది). చదును స్టేజీ అయితే చివరి రెండొందల మీటర్లు తారాజువ్వల్లా దూసుకుపోయే స్ప్రింటర్లది. పెద్ద పర్వతాల స్టేజీ అయితే పసుపు జెర్సీ కోసం కొట్టుకునే బక్కపల్చటి వాళ్ళది. రెంటి మధ్యా ఉండేది గుట్టల స్టేజీ. రెండు మూడు కిలోమీటర్ల మిట్ట, దిగుడు, మళ్ళీ మిట్ట, అలా రెండొందల కిలోమీటర్లు. దీనికి సొంతదారు ఎవరూ లేరు.

సైకిల్ రేసంటే గాలితో తగువు. చదునులో గంటకి నలభై పైన పోతున్నప్పుడు తొక్కేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. ముందువాడి చక్రానికి ఆనుకున్నట్టు వెనకే పోతే అందులో దాదాపు మూడోవంతు ఆదా. అందుకే నూట డెబ్భై మందీ గుంపుగా పోతారు. నిటారు కొండ మీద వేగం ఇరవైకి పడిపోతుంది, గాలి గోల తగ్గుతుంది, ఒంటి బరువు ఒక్కటే మిగులుతుంది. అక్కడ ఎవరి వెనకా దాక్కోవడం కుదరదు. గుట్ట మీద సగం దాక్కోవచ్చు, సగం కుదరదు. ఈ సగమే అన్ని అంచనాలకీ గండి కొట్టేది.

1903లో టూర్ పుట్టిందే పత్రిక అమ్ముకోవడానికి. లోటో అనే క్రీడా పత్రిక, దాని ఎడిటర్ ఆన్రీ దెగ్రాంజ్. రేపు ఎవడు గెలుస్తాడు అన్న ప్రశ్న జనం నోట్లో నానుతుంటేనే మర్నాటి పేపరు అమ్ముడుపోతుంది. 1910లో రేసుని పిరనీస్ పర్వతాల మీదకి ఎక్కిద్దామన్న ఆలోచన దెగ్రాంజ్ దగ్గర పనిచేసే అల్ఫోన్స్ స్టైనెస్‌ది. దారి చూసి రమ్మని పంపిస్తే, ఆయన 2115 మీటర్ల టూర్మలే కనుమ దగ్గర మంచులో చిక్కుకుని, కారు వదిలేసి, రాత్రంతా నడిచి చావు తప్పి బయటపడ్డాడు. పడి ఏం చేశాడు? దారి బ్రహ్మాండంగా ఉంది, రేసు పెట్టుకోవచ్చు అని టెలిగ్రాం కొట్టాడు. క్లయింటుకి స్టేటస్ రిపోర్టు రాసే మేనేజర్లు గుర్తొస్తే నా తప్పు కాదు :)

ఆ ఏడు జులైలో 326 కిలోమీటర్ల ఆ స్టేజీలో టూర్మలే మీదకి మొదట చేరిన ఒక్టావ్ లపీజ్ దారిలో కొంత తొక్కుతూ కొంత సైకిల్ని నడిపించుకుంటూ ఎక్కాడు. తర్వాతి కొండ మీద కనిపించిన నిర్వాహకులని హంతకులారా అని తిట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. స్టేజీ, చివరికి టూరు కూడా అతనే గెలిచాడు.

అప్పట్లో అంచనా వేసేవాడికి మనిషి బలం కంటే ఇనుము బలం ముఖ్యం. తొక్కుతూ గేర్లు మార్చుకునే ఏర్పాటు టూర్లో 1937 దాకా నిషిద్ధం. వెనక చక్రానికి చెరో పక్కా ఒక పళ్ళచక్రం ఉండేది. కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. 1913లో ఎజెన్ క్రిస్తోఫ్ టూరు గెలిచేలా కనిపిస్తున్నాడు. టూర్మలే దిగుతుంటే ముందు ఫోర్కు విరిగింది. రూల్స్ ప్రకారం ఎవరి సైకిలు వాళ్ళే బాగుచేసుకోవాలి. సైకిల్ భుజాన వేసుకుని పది కిలోమీటర్లకి పైగా నడిచి, కింద సెంత్ మారి ద కంపాన్ అనే ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర తనే ఇనుము కాల్చి ఫోర్కు అతికించుకున్నాడు. గంటలు గడిచిపోయాయి. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రాడు సాయం చేశాడని పది నిమిషాల జరిమానా వేశారు, తర్వాత మూడుకి తగ్గించారు. ఆ రోజు క్రిస్తోఫ్ మీద కాసినవాడు ఎవడైనా ఉంటే, వాడి అంచనాలో తప్పు వెతకడం అన్యాయం.

ఇంతకీ కాసేవాళ్ళు ఎక్కడ కాసేవారు? ప్యారిస్‌లో జోసెఫ్ ఓలే అనే ఆయన 1860ల్లోనే పందెం సొమ్మంతా ఒక చోట పోగేసి గెలిచినవాళ్ళకి పంచే పద్ధతి కనిపెట్టాడు. ప్రపంచంలో గుర్రప్పందేల టోట్ అంతా దాని సంతానమే. కానీ ఫ్రాన్సులో చట్టం దాన్ని గుర్రాలకే కట్టేసింది. సైకిళ్ళ మీద ఆన్‌లైన్లో చట్టబద్ధంగా కాసుకోవడానికి ఫ్రెంచివాళ్ళు 2010 దాకా ఆగాల్సొచ్చింది. బెల్జియంలో మాత్రం ఊళ్ళలో తిరునాళ్ళకి జరిగే సైకిల్ రేసుల దగ్గర బుకీలు నల్లబల్ల మీద సుద్దముక్కతో రేట్లు రాసి నిలబడేవారు. ఇంగ్లండులో వీధి చివర బెట్టింగ్ షాపులు 1961 మేలో చట్టబద్ధంగా తెరుచుకున్నాయి.

పక్కా పనివాళ్ళంటే జపానువాళ్ళే. 1948 నవంబరులో కొకురాలో కేరిన్ అనే రేసు మొదలుపెట్టారు, పందేల కోసమే. గుండ్రటి ట్రాకు, ఒకే ప్రమాణంతో ఆమోదించిన సైకిళ్ళు. రేసు రోజుల్లో రైడర్లని ఫోన్ కూడా లేకుండా వసతిగృహంలో ఉంచేస్తారు. ఎవరు ఎవరి వెనక పోతారన్న ఎత్తుగడ ముందే ప్రకటిస్తారు. అంటే పందెం కాసేవాడికి తెలియని విషయాలని ఒక్కొక్కటే ఏరి తీసేశారు. గుట్టల స్టేజీ సరిగ్గా దీనికి ఉల్టా. అక్కడ ఎవరు ఎవరి వెనక పోతారో పోయేవాళ్ళకే తెలియదు.

ఇక ఫార్ములా సంగతి. గోదావరి జిల్లాల్లో కోడిపందేలకి కుక్కుట శాస్త్రం ఉన్నట్టే, కొండలెక్కడానికీ ఒక శాస్త్రం వచ్చింది. జర్మన్ ఇంజినీరు ఉల్రిక్ షోబరర్ 1986లో, తొక్కుతుంటే కాళ్ళు ఎన్ని వాట్లు పుట్టిస్తున్నాయో కొలిచే మీటరు తయారుచేశాడు. ఇటలీ డాక్టరు మికేలె ఫెరారి ఆ మీటరు కూడా అక్కర్లేని ఉపాయం చెప్పాడు. గంటకి ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కుతున్నాడో చూడండి చాలన్నాడు. దాన్ని వామ్ అంటారు (జీలకర్ర పక్కన ఉండే వాముతో సంబంధం లేదు). ఆ వామ్‌ని, 200కి వాలు శాతానికి పదింతలు కలిపి వచ్చినదానితో భాగిస్తే కిలో బరువుకి ఎన్ని వాట్లో వస్తుంది.

ఒక లెక్క చేసి చూద్దాం. ఆల్ప్ దుయెజ్ అనే పేరుమోసిన కొండ 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం, ఎక్కాల్సిన ఎత్తు సుమారు 1100 మీటర్లు. 40 నిమిషాల్లో ఎక్కితే గంటకి 1650 మీటర్లు. 1650ని 281తో భాగిస్తే 5.87. అరవై కిలోల మనిషి అయితే దాదాపు 350 వాట్లు, అంటే ఇంట్లో నాలుగైదు సీలింగ్ ఫ్యాన్లు ఒక్కడే నలభై నిమిషాలు కాళ్ళతో తిప్పినట్టు. ఇది చెయ్యగలిగినవాళ్ళు రేసు మొత్తంలో కొద్దిమందే ఉంటారు. కాబట్టి పెద్ద కొండ మీద ముగిసే స్టేజీకి మీ జాబితా చిన్నది. అంచనా సులువు.

ఇప్పుడు ఇదే లెక్క గుట్టకి వెయ్యండి. 2 కిలోమీటర్లు, 7 శాతం వాలు, అంటే 140 మీటర్ల ఎత్తు. గంటకి 24 కిలోమీటర్ల వేగంతో 5 నిమిషాలు. వామ్ 1680, వాట్లు కిలోకి 6.2. అంకె ఇందాకటికన్నా పెద్దది, కానీ మోయాల్సింది అయిదు నిమిషాలే. ఆ మాత్రం చెయ్యగలిగినవాళ్ళు గుంపులో డజన్ల కొద్దీ ఉంటారు. జల్లెడ కన్నాలు పెద్దవైపోయాయన్నమాట. ఫార్ములా తప్పేమీ చెప్పలేదు, అడిగిన ప్రశ్నకి పనికొచ్చే జవాబు చెప్పలేదు, అంతే.

అసలు ప్రశ్న ఎవడు బలమైనవాడన్నది కాదు. ఎవడిని పోనిస్తారు? పొద్దున్నే నలుగురైదుగురు గుంపులోంచి తెంచుకుని ముందుకి పోతారు. వాళ్ళని పట్టుకోవాలంటే ఎవరో ఒకరు గుంపు ముందుకొచ్చి గాలికి ఎదురు తొక్కాలి. స్ప్రింటర్ల టీములు మాకు ఎలాగూ ఈ మిట్టలు పడవు, మేమెందుకు అంటాయి. పసుపు జెర్సీ టీము ముందున్నవాళ్ళు మాకు ప్రమాదం కాదు, మేమెందుకు అంటుంది. మిగతావాళ్ళు వాళ్ళు తొక్కనిది మేమెందుకు అంటారు. రెండు టీముల మధ్యన పడ్డ బగ్‌ని చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. టికెట్ అటూ ఇటూ తిరుగుతుంటుంది, ప్రొడక్షన్లో మంట మండుతూనే ఉంటుంది.

1956లో ఇలాగే లోరియాఁ నుంచి ఆంజె వెళ్ళే స్టేజీలో 31 మందిని వదిలేశారు. వాళ్ళకి 18 నిమిషాల పైన ఆధిక్యం వచ్చింది. అందులో ఉన్న రోజే వాల్కోవియాక్ అనే పెద్దగా పేరులేని మనిషి ఆ తర్వాత కొండల్లోనూ నిలబడి, ఒక్క స్టేజీ కూడా గెలవకుండా టూరు గెలిచాడు. ఫ్రెంచివాళ్ళు దాన్ని గెలుపుగా ఒప్పుకోవడానికే ఇష్టపడలేదు. వాల్కో తరహాలో గెలవడం అన్నది ఎగతాళి మాటైపోయింది. 2001లో కోల్మార్ నుంచి పొంతార్లియే స్టేజీలో వానలో 14 మంది పోతే, గుంపు 35 నిమిషాల 54 సెకన్లు వెనక చేరింది. అందులో ఉన్న ఆంద్రే కివిలెవ్ ఆ టూరులో నాలుగో స్థానంలో ముగించాడు.

అయితే ఈ విషయం మీద ఒక్క ఏడాదే చదవాలంటే 2006 చదవాలి.

ఆ ఏడు అంచనాలు రేసు మొదలవకముందే కూలిపోయాయి. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతకుముందు ఏడే రిటైరయ్యాడు. మిగిలిన ఫేవరెట్లు ఇవాన్ బాస్సో, యాన్ ఉల్రిక్. స్పెయిన్లో ఒక డాక్టరు దగ్గర రక్తపు సంచులు దొరికిన కేసులో పేర్లు రావడంతో, రేసు ముందురోజు ఇద్దరినీ ఇంటికి పంపేశారు. అప్పుడు తేలినవాడు అమెరికన్ ఫ్లాయిడ్ లాండిస్. అతని పాత సహచరుడు, స్పెయిన్ మనిషి ఓస్కర్ పెరీరో 11వ స్టేజీలో పిరనీస్‌లో 26 నిమిషాలు పోగొట్టుకుని 46వ స్థానానికి పడిపోయాడు. అతని మీద కాసిన చీటీలు చింపేసుకునే స్థితి.

13వ స్టేజీ, బేజియే నుంచి మోంతెలిమార్. 230 కిలోమీటర్లు, ఎండ, అక్కడక్కడా చిన్న మిట్టలు. అయిదుగురు తెంచుకుపోయారు, పెరీరో వాళ్ళలో ఒకడు. పసుపు జెర్సీ లాండిస్ దగ్గరుంది. దాన్ని కాపాడుకోవడమంటే రోజూ గుంపు ముందు టీమంతా అరిగిపోవడం. కొన్నాళ్ళు ఇంకెవడైనా మొయ్యనీ, ఆల్ప్స్‌లో తిరిగి తీసుకుందాం అనుకున్నారు. ఆలోచన తెలివైనదే. కానీ పట్టించుకోవాల్సిన మిగతా టీములు కూడా తెలివైనవే. ఎవరూ తొక్కలేదు. యెన్స్ ఫోగ్ట్ స్టేజీ గెలిచాడు, పెరీరో రెండోవాడు. గుంపు 29 నిమిషాల 57 సెకన్ల తర్వాత వచ్చింది. 46వ వాడు ఒక్క మధ్యాహ్నంలో మొదటివాడు. లాండిస్ కన్నా 1 నిమిషం 29 సెకన్లు ముందు.

ఆల్ప్ దుయెజ్‌లో లాండిస్ జెర్సీ తిరిగి తీసుకున్నాడు, పది సెకన్ల తేడాతో. మర్నాడు 16వ స్టేజీ, లా తుస్సీర్ కొండ. అక్కడ ఒంట్లో ఇంధనం అయిపోయి, రోడ్డు మీద నిలబడిపోయినంత పనయ్యింది. ఎనిమిది నిమిషాల పైన పోగొట్టుకుని 11వ స్థానానికి పడిపోయాడు. జెర్సీ మళ్ళీ పెరీరోది. పందెం బజారులో ఆ రాత్రికి లాండిస్ కథ ముగిసింది.

జులై 20న 17వ స్టేజీ, మోర్జీన్. మొదటి కొండ మీదే, ఇంకా 130 కిలోమీటర్లు ఉండగా, లాండిస్ వెళ్ళిపోయాడు. వెనకాల మళ్ళీ అదే కథ, నువ్వు తొక్కు అంటే నువ్వు తొక్కు. పెరీరో టీము ఒంటరిగా లాగలేకపోయింది. మిగతావాళ్ళు లేచేసరికి ఆలస్యమైపోయింది. లాండిస్ డజన్ల కొద్దీ నీళ్ళ సీసాలు నెత్తిన కుమ్మరించుకుంటూ అయిదు కొండలు దాటి, రెండోవాడైన కార్లోస్ సాస్త్రె కన్నా 5 నిమిషాల 42 సెకన్లు ముందొచ్చాడు. మొత్తం లెక్కలో పెరీరో వెనక 30 సెకన్లకి చేరాడు. తర్వాత టైమ్ ట్రయల్లో దాటేసి, ప్యారిస్‌లో 57 సెకన్ల తేడాతో గెలిచాడు. ముందురాత్రి చచ్చిపోయినవాడు మర్నాడు లేచొచ్చి కొట్టాడని పత్రికలు పండగ చేసుకున్నాయి.

జులై 27న బయటపడింది, మోర్జీన్ రోజు తీసిన మూత్ర నమూనాలో టెస్టోస్టెరాన్ తేడాగా ఉందని. లాండిస్ ఒప్పుకోలేదు, కోర్టుకెక్కాడు. 2007 సెప్టెంబరులో తీర్పు అతనికి వ్యతిరేకంగా వచ్చింది. ఆ అక్టోబరులో మాడ్రిడ్‌లో ఒక కార్యక్రమంలో పెరీరోకి పసుపు జెర్సీ ఇచ్చారు, పదిహేను నెలలు ఆలస్యంగా. 2008లో అప్పీలూ పోయింది. 2010లో లాండిస్ తన కెరీర్లో చాలాకాలం డోపింగ్ చేశానని ఒప్పుకుని, ఆర్మ్‌స్ట్రాంగ్ టీము గుట్టు కూడా విప్పాడు. అది తిరిగి తిరిగి 2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు టూర్లూ కొట్టేసేదాకా వెళ్ళింది. ఆ ఏడింటికీ కొత్త విజేతలని పెట్టలేదు, రికార్డు పుస్తకంలో ఖాళీగా వదిలేశారు. అదే కేసులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ జీవితకాల నిషేధం వేసినవాళ్ళలో ఆర్మ్‌స్ట్రాంగ్ డాక్టరు ఒకడు. ఎవరనుకున్నారు? మన వామ్ ఫార్ములా ఫెరారి.

నాకు ఇది పుల్లవిరుపు వ్యంగ్యంలా కనిపించదు. ఒక మనిషి కొండ ఎంతసేపట్లో ఎక్కుతాడో అందరికన్నా ఖచ్చితంగా చెప్పడం ఎవరికి అవసరం? ఆ సేపుని మార్చే పనిలో ఉన్నవాడికే. కొలవడమూ మార్చడమూ ఒకే గదిలో జరిగాయి. బయట కూర్చుని అదే ఫార్ములాతో అంచనా వేసేవాళ్ళ దగ్గర ఫార్ములా ఉంది, ఇన్‌పుట్ లేదు.

మరి మోర్జీన్ రోజు కాసినవాళ్ళ సంగతి? ఇక్కడ బుకీల పద్ధతి తెలుసుకోవాలి. మామూలుగా వాళ్ళ రూల్సులో పందెం ఆ రోజు పోడియం మీద నిలబడ్డవాళ్ళని బట్టి తేలిపోతుంది. తర్వాత ఎవరిని కొట్టేసినా లెక్క మారదు. కమిట్ అయిపోయిన ట్రాన్సాక్షన్, రోల్‌బ్యాక్ లేదు. కాబట్టి క్రీడ పుస్తకంలో ఆ టూరు విజేత పెరీరో, పందెం పుస్తకంలో లాండిస్. రెండు డేటాబేసులు, ఎప్పటికీ సింక్ కావు. పెరీరో మీద కాసి నిజంగా గెలిచినవాడు మాత్రం ఓడిపోయిన చీటీ పట్టుకుని మిగిలాడు. బుకీని తిట్టి లాభం లేదు, అయిదేళ్ళ తర్వాత వచ్చే తీర్పు కోసం ఎవరూ గల్లాపెట్టె తెరిచి ఉంచరు.

బుకీ లెక్క కూడా ఓసారి చూడాలి. ఊరికే ఉదాహరణకి, ఒక గుట్టల స్టేజీలో అయిదుగురు ఫేవరెట్లకి 4, 6, 8, 10, 12 రేట్లు పెట్టాడనుకుందాం. రేటుని తిరగేస్తే గెలిచే అవకాశం వస్తుంది: 25, 16.7, 12.5, 10, 8.3 శాతం. కూడితే 72.5. తర్వాత నలభై మందికి వందేసి రేటు, అంటే మరో 40 శాతం. ఇంకో వంద మందికి అయిదొందలేసి, అంటే 20. మొత్తం 132.5 శాతం! వంద దాటిందంతా బుకీ వాటా. వంద రూపాయలు కాస్తే సగటున 75 చేతికొస్తుంది. పైగా వందల్లో ఉన్న రేట్లు చూడ్డానికి ఊరిస్తాయి గానీ అసలు అవకాశం అంతకన్నా తక్కువే ఉంటుంది. జనం చిన్న అవకాశాలని పెద్దగా ఊహించుకుంటారని అమెరికాలో గ్రిఫిత్ అనే ఆయన 1949లోనే గుర్రప్పందేల లెక్కలతో చూపించాడు.

2000లో లండన్లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే కలిసి బెట్‌ఫెయిర్ పెట్టాక ఈ వ్యవహారం షేర్ మార్కెట్‌లా మారింది. బుకీ లేడు, ఒకడు గెలుస్తాడని నువ్వు కాస్తే గెలవడని ఇంకొకడు కాస్తాడు, రేసు నడుస్తుండగానే కొనొచ్చు అమ్మొచ్చు. దాంతో పందెం కాస్తా లేటెన్సీ సమస్య అయ్యింది. టీవీలో బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది, రోడ్డు పక్కన నిలబడ్డవాడికి అంతకుముందే తెలుసు. 2015 నుంచి టూరులో సీట్ల కింద జీపీఎస్ పరికరాలు పెట్టారు, ఆ తర్వాత ఆ డేటా మీద మెషీన్ లెర్నింగ్ నడిపించి, ముందున్నవాళ్ళు దొరుకుతారా లేదా అని శాతాల్లో చెప్పడం మొదలైంది.

మనదేశంలో ఈ నైపుణ్యమా అదృష్టమా అన్న తగువుకి మన ఊరితోనే సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళని పోలీసులు పట్టుకున్న కేసులోనే, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అన్నది. 1996లో గుర్రప్పందేలకీ అదే మాట చెప్పింది. తర్వాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బాటలని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రమే నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా ఆన్‌లైన్ మనీ గేమ్స్ అన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి ఈ లెక్కలన్నీ మనకి కాగితం మీదే. నా ఉద్దేశంలో గుట్టల స్టేజీ అంచనా నైపుణ్యమే, కానీ అది రైడర్ల గురించిన నైపుణ్యం కాదు, టీములు ఏమనుకుంటాయో పోల్చుకునే నైపుణ్యం.

ఆ పోల్చుకోవడం తెలిసినవాళ్ళలో ఒక గణితం పీహెచ్‌డీ ఉంది. 2021 జులై 25న టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్ రేసు. ఒక్కరోజు రేసే గానీ దారంతా ఎత్తులే. డచ్చి టీములో నలుగురూ ప్రపంచంలో అందరికన్నా గట్టివాళ్ళు. ఆస్ట్రియాకి చెందిన ఆనా కీసెన్‌హోఫర్‌కి ప్రొఫెషనల్ టీము కూడా లేదు. జెండా ఊపగానే మరి నలుగురితో కలిసి వెళ్ళిపోయింది. వెనకాల గుంపు మామూలే, నువ్వంటే నువ్వు. చివరికి లేచి ముందున్నవాళ్ళని పట్టుకున్నారు. ఒలింపిక్స్‌లో చెవుల్లో రేడియోలు ఉండవు, ఇంకొకామె ముందుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆనెమీక్ వాన్ ఫ్లూటెన్ గెలిచాననుకుని చేతులెత్తి గీత దాటింది. కీసెన్‌హోఫర్ అప్పటికి 75 సెకన్ల ముందే దాటేసింది.

ఇదంతా పాతకథ, ఇప్పుడు తదేయ్ పొగచార్ ఉన్నాడు కదా, కొండైనా గుట్టైనా వాడిదే కదా అంటారు. నిజమే. 2024లో ప్లాతో ద బెయ్ కొండ మీద పంతాని 1998 నాటి సమయాన్ని మూడు నిమిషాల పైన తుడిచేశాడు. 2025 టూరు మొదటి వారంలో గుట్టల స్టేజీలు నాలుగొచ్చాయి. బూలోన్‌లో మాత్యూ వాన్ డెర్ పూల్ గెలిచాడు, రువాఁలో పొగచార్ గెలిచాడు (అతని నూరో గెలుపు). ఫేవరెట్ల మీద కాసినవాళ్ళు హాయిగా ఉన్నారు. 6వ స్టేజీ బాయో నుంచి వీర్, 201 కిలోమీటర్లు, మిట్టలన్నీ కలిపితే 3500 మీటర్లు. పసుపు జెర్సీ పొగచార్‌ది. ఎనిమిది మంది తెంచుకుపోయారు, వాళ్ళలో 1 నిమిషం 28 సెకన్లు వెనకబడి ఉన్న వాన్ డెర్ పూల్ కూడా ఉన్నాడు. జెర్సీ ఉంటే రోజూ పోడియం, విలేకరులు, గంటల ఆలస్యం. రెండు వారాలు ముందుండగా దాన్ని కొన్నాళ్ళు వదిలేస్తే పొగచార్ టీముకి నష్టమేముంది? గుంపు 5 నిమిషాల 27 సెకన్లు వెనక చేరింది. ఐర్లండ్ కుర్రాడు బెన్ హీలీ 42 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి స్టేజీ గెలిచాడు. వాన్ డెర్ పూల్ చివరి మిట్ట మీద కాళ్ళు పడిపోయి ఈడ్చుకుంటూ వచ్చాడు, అయినా గుంపు కన్నా 1 నిమిషం 29 సెకన్లు ముందు. జెర్సీ ఒక్క సెకనుతో అతనిది. మోంతెలిమార్‌లో పెరీరోకి వచ్చిన ఆధిక్యం కూడా సరిగ్గా ఇంతే, 1 నిమిషం 29 సెకన్లు.

మర్నాడు మూర్ ద బ్రెతాన్. రెండు కిలోమీటర్ల గుట్ట. పొగచార్ గెలిచాడు, జెర్సీ తిరిగి వేసుకున్నాడు.